మా బావ కట్టిన పళ్లు

మా నాన్నకి పళ్లు కట్టించబోయి మా అక్క మొగుణ్ణి సంపాదించుకుందని మా ఇంట్లో ఒక నవ్వులాట ఉండేది. అందులో అబద్ధమేమీ లేదు. నాన్నకి అరవై నిండకముందే పళ్లన్నీ ఊడిపోయాయి. డాక్టరు నోటి కొలతలు తీసుకుని, పదిరోజుల్లో పళ్ల సెట్టు ఇచ్చేస్తామన్నాడు. పదిరోజులకి వెళితే ఇంకా కాలేదన్నారు. మళ్లీ వారం వెళ్లేసరికి, వెనక గదిలోంచి ఒంటినిండా తెల్లటి ప్లాస్టర్ పొడి అంటిన ఒక సన్నటి మనిషి వచ్చి, నాన్న ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మీరు నవ్వుతున్న పాత ఫొటో ఏదన్నా ఉందాండీ?" అని అడిగాడు.

నాన్న నవ్వడమే అరుదు, ఇక ఫొటో ఎక్కడిది. తోడు వెళ్లిన అక్క మాత్రం ఊరుకోలేదు. బీరువాలన్నీ తిరగేసి, ఎవరిదో విందులో ఏదో మాటకి నోరంతా తెరిచి నవ్వుతున్న నాన్న ఫొటో ఒకటి పట్టుకెళ్లి ఇచ్చింది. అతను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి భూతద్దంతో చూసి, "పై వరసలో ఎడంవైపు పన్ను పక్కదాని మీదికి కొంచెం ఎక్కింది" అన్నాడు.

"అది వంకర పన్నయ్యా. ఇప్పుడన్నా తిన్నగా పెట్టు" అన్నాడు నాన్న.

"తిన్నగా పెడితే అది మీ నోరు కాదండీ."

నాన్నని మొత్తం తొమ్మిదిసార్లు తిప్పాడు. ఆరోసారికే నాన్నకి తల ప్రాణం తోకకొచ్చింది. అక్కకి మాత్రం ఎందుకో విసుగు పుట్టలేదు. తొమ్మిదోసారి ఆ సెట్టు పెట్టుకుని నాన్న ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడితే, అమ్మ ఒక్క క్షణం చూసి గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఏమైందమ్మా అంటే, "ఏం లేదే, మా పెళ్లినాటి మనిషి వచ్చి నిలబడ్డట్టుంది" అంది. ఆ ఏడాది చివర్లో అక్కకీ అతనికీ పెళ్లయింది. నాకప్పుడు పదిహేడేళ్లు. అప్పట్నుంచీ అతను నాకు బావ.

బావ ఆ వెనక గదిలోకి పంతొమ్మిదో ఏట వెళ్లాడు. కిటికీ ఒక్కటే ఉన్న గది. స్పిరిట్ దీపాల వాసన, కరిగిన మైనం వాసన, వీటన్నిటినీ మింగేసేలా పళ్ల చిగుళ్లకి వాడే ప్లాస్టిక్ మందు ఘాటు. ఆ ఘాటు బట్టలకే కాదు, వెంట్రుకలకీ పట్టేస్తుంది. పెళ్లయిన కొత్తలో అక్క, "మీ బావ వీధి మలుపులో ఉండగానే ముక్కు చెప్పేస్తుంది" అనేది. అక్కడ పని నేర్పింది ఒక ముసలాయన. ఆయన చెప్పేది ఒక్కటే మాట: పళ్లు పెట్టుకున్న మనిషి పది నిమిషాల్లో ఆ సంగతి మరిచిపోవాలి, మరిచిపోలేదంటే మళ్లీ చెయ్యి. తక్కినవాళ్లు ఆ మాట విని తలూపి ఊరుకున్నారు. బావ దాన్ని పట్టుకున్నాడు.

అప్పట్లో పళ్ల సెట్లన్నీ ఒక్కలాగే ఉండేవి. తెల్లగా, వరసగా, ఎవరి నోట్లో పెట్టినా అవే పళ్లు. బావ మాత్రం మనిషిని చూసి కట్టేవాడు. ముసలివాళ్ల పళ్లకి అంచులు కొంచెం అరగదీసేవాడు. కాఫీ ఎక్కువ తాగే మనిషైతే ఆ రంగు వచ్చేదాకా రంగులు కలిపి చూసేవాడు. బస్సెక్కితే ఎదుటి సీట్లో వాళ్ల కళ్లలోకి కాక నోళ్లలోకి చూసేవాడు. ఒకసారి ఒకామె, "ఏంటయ్యా అలా చూస్తున్నావు?" అని నిలదీస్తే, పక్కనున్న అక్క, "మిమ్మల్ని కాదమ్మా, మీ పళ్లని. నన్నూ అలాగే చూసి చేసుకున్నాడు" అని సర్దిచెప్పింది. బస్సంతా నవ్వింది. బావ మాత్రం ఆమె నవ్వినప్పుడు కనపడిన పళ్లనే చూశాడు.

ఎంత బాగా వచ్చినా ఆయన నోట వచ్చే మాట, "ఇంకోసారి చూద్దాం." పనివాళ్లు వెనకాల ఆయన్ని ఇంకోసారి మాస్టారు అనేవారు. కొన్నాళ్లకి ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆయనకి కోపం రాలేదు.

ముప్పై ఐదేళ్లకి సొంతంగా ల్యాబు పెట్టాడు. ఒక కళ్లజోళ్ల షాపు పైన మూడు గదులు. ఆరు బల్లలు, ఆరుగురు పనివాళ్లు. వేరే ఊళ్ల డాక్టర్లు దూదిలో చుట్టిన నోటి అచ్చులు పార్సిల్లో పంపేవారు. మేడమెట్ల దాకా పెట్టెలు పేర్చి ఉండేవి. తొందరపడిన డాక్టరుకి, "అవతల చేయించుకోండి" అని మెత్తగా చెప్పేవాడు. వాళ్లు అవతల చేయించుకుని, ఆరు నెలలకి మళ్లీ ఇక్కడికే వచ్చేవారు. నలభై ఐదేళ్ల వయసుకి, మా ఊళ్లో పళ్ల డాక్టర్లు కుర్చీలో కూర్చున్నవాళ్లకి, "ఇది ఆయన చేతి పని" అని చెప్పి ధైర్యం ఇచ్చే స్థితికి వచ్చాడు. ఆ కూర్చున్నవాళ్లలో ఎవరూ ఆయన మొహం ఎరగరు.

మా అక్క ఒక బట్టల దుకాణంలో పనిచేసేది. మాటల పోగు. బేరానికి వచ్చినవాళ్లనే కాదు, ఊరికే వానకి తలదాచుకున్నవాళ్లని కూడా బట్ట కొనకుండా పంపేది కాదు. అలాగని అబద్ధాలు చెప్పేది కాదు. "ఇది మీకు బాగోదమ్మా, తీసుకోకండి" అని చెప్పి ఇంకొకటి తీసేది. సాయంత్రం ఇంటికి రాగానే ఆ రోజు వచ్చినవాళ్ల గొంతులన్నీ అనుకరించి చెప్పేది. బావ వింటూ నవ్వేవాడు, చేతిలో ఏదో ఒక మైనపు ముక్క చెక్కుతూనే. వాళ్లకి పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఇద్దరూ ఎక్కువగా ఎత్తేవారు కాదు. నేను రెండు వీధుల అవతల ఉండేదాన్ని, ఒక బడిలో టీచరుగా. మా బడి ఒంటిపూట. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఇంటికి వచ్చేసేదాన్ని.

అక్కకి నలభై మూడో ఏడు. ఒక ఉదయం కాఫీ తాగుతూ, "ఏమండీ, కుడివైపు పై పన్ను కదులుతోంది. కాస్త చూడండి" అంది. నేనూ అక్కడే ఉన్నాను. బావ అప్పుడు రేడియోలో వార్తలు చదివే ఒకాయన పళ్లు చేస్తున్నాడు. స అన్నప్పుడల్లా ఈల వస్తోందని ఆయన బాధ. బావకి వారం రోజులుగా అదే ధ్యాస.

"ఆదివారం చూస్తాలే" అన్నాడు.

ఆ ఆదివారం చూడలేదు. అక్క గుర్తు చేయలేదు. ఎడంవైపు నమలడం అలవాటు చేసుకుంది. కుడి పక్క చిగురు మీద పుండులా ఏదో తగిలేదట నాలుకకి. దుకాణంలో రద్దీ రోజులు, తర్వాత చూపిద్దాంలే అనుకుందట. మూడు నెలలు అలా గడిచిపోయాయి. ఒకనాడు మా ఇంటికొచ్చి, చెంప మీద వేలితో నొక్కుకుంటూ, "బుజ్జీ, ఇక్కడ ముట్టుకుంటే నాకు తెలియట్లేదే" అంది. చెంప కొంచెం పొంగి ఉంది. నేనే ఆమెను ల్యాబుకి తీసుకెళ్లాను.

బావ తన బల్ల దగ్గరి కుర్చీలో కూర్చోబెట్టి దీపం దగ్గరికి లాగాడు. చిన్న అద్దం నోట్లో పెట్టి చూశాడు. ఆ చూడటం చాలాసేపు సాగింది. తర్వాత దీపం ఆర్పేశాడు. "చెయ్యి కడుక్కొస్తాను" అని లోపలికి వెళ్లాడు. కొళాయి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అక్క నావైపు చూసి, "మరీ అంత చండాలంగా ఉన్నాయా నా పళ్లు?" అంది.

క్యాన్సరని తేలింది. సర్జన్ వయసులో మా బావకన్నా చిన్న. మనిషి నిదానస్తుడు. కుడివైపు పై దవడ, అంగిట్లో సగం తీసేయాలన్నాడు. మూడు నెలల ముందు వచ్చి ఉంటే అనే మాట ఆయన అనలేదు. బావా అడగలేదు. కానీ ఊళ్లో అందరి నోళ్లూ చూసే మనిషి సొంత ఇంట్లో నోరు చూడలేదన్న మాట బావ మొహంలో ఆ రోజు నుంచీ ఉండిపోయింది.

ఆపరేషన్‌కి వారం ముందు సర్జన్ బావని పిలిపించాడు. అంగిట్లో పడే కన్నాన్ని మూయడానికి ఒక ప్లేటు ముందే చేసి ఉంచుకోవాలి. పళ్ల సెట్టులాంటిదే, దాని మీద కన్నంలోకి దిగే ఒక బుడిపె ఉంటుంది. అది లేకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేస్తాయి. మాట కూడా ముక్కులోకి పోతుంది.

"వేరేవాళ్ల చేత చేయించమంటారా?" అని అడిగాడు సర్జన్.

"నేనే చేస్తాను" అన్నాడు బావ.

సర్జన్ అక్క నోటి ప్లాస్టర్ నమూనా చేతిలోకి తీసుకుని, తను ఎంత మేర కోసి తీయబోతున్నాడో నీలి పెన్సిలుతో గీత గీసి ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం నేను ల్యాబుకి అన్నం క్యారియర్ పట్టుకెళ్లాను. బావ ఎడమచేతిలో ఆ నమూనా ఉంది, కుడిచేతిలో సన్నటి రంపం. నీలిగీతకి అవతలి పళ్లని ఒక్కొక్కటే కోసేస్తున్నాడు. తెగిపడిన ప్రతి ప్లాస్టర్ పన్నునీ తీసి పక్కనున్న సాసర్లో పెడుతున్నాడు. మామూలుగా అవి ఊడ్చి పారేసేవే. క్యారియర్ అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్నాళ్లకి కట్లు తీసి, పుండు శుభ్రం చేయడానికి ప్లేటు బయటికి తీసినప్పుడు అక్క మొదటిసారి మాట్లాడటానికి ప్రయత్నించింది. నన్ను బుజ్జీ అని పిలవబోతే మున్నీ అని వచ్చింది. బ అంటే మ, డ అంటే ణ. ప, క, ట అంటే గాలి తప్ప ఏమీ లేదు. నేను ఏడుపు ఆపుకుంటుంటే, ఆమె పలక తీసుకుని, "ఈ వయసులో నీకు కొత్త పేరు పెట్టాను, బాగుందా" అని రాసింది.

పుండు మానుతున్నకొద్దీ నోటి లోపలి ఆకారం మారిపోతుంటుంది. అందుకని రెండో ప్లేటు, తర్వాత మూడోది. మూడోది పెట్టుకున్న రోజు మధ్యాహ్నం అక్క వసారాలో కుర్చీలో కూర్చుని గ్లాసెడు నీళ్లు తాగింది. ముక్కులోంచి రాలేదు. నావైపు తిరిగి, "బుజ్జీ" అంది. అచ్చం పాత గొంతు కాదు. కానీ నా పేరు నా పేరులా వచ్చింది. ఆ పూట ఎంత మాట్లాడిందో. ఆస్పత్రిలో పక్క మంచం ఆవిడ గొంతు, నర్సు గొంతు, సర్జన్ దగ్గు, అన్నీ. ఆరు నెలలుగా లోపల దాచుకున్నవన్నీ కక్కేసింది.

బావ గుమ్మంలో నిలబడి విన్నాడు. ఇద్దరం ఆయనవైపు చూశాం. ఆయన దగ్గరికొచ్చి, "ఇంకో రెండు గుక్కలు తాగు" అన్నాడు. తాగింది. ముక్కు చివర ఒక చుక్క మెరిసింది.

"ఇంకోసారి చేస్తాను" అన్నాడు బావ.

"ఒక్క చుక్కే కదండీ. తుడుచుకుంటాను."

"ఎందుకు తుడుచుకోవాలి?"

"నాకిది చాలు. మీరు కాస్త కూర్చోండి."

"ఇది కానీ. తర్వాత అంతా కూర్చోవడమే" అన్నాడు.

రేడియేషన్, అదే కరెంటు వైద్యం, పెట్టాక అక్క నోరు ఎండిపోయింది, దవడ బిగుసుకుపోయింది. రెండు వేళ్లకి మించి నోరు తెరుచుకునేది కాదు. అచ్చు తీయాలంటే ఆ సందులోంచి మెత్తటి ముద్ద నింపిన గరిటె దూర్చాలి, అది గట్టిపడేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండాలి. పంటి బిగువున భరించడమంటారు. మా అక్కకి ఆ పక్క పళ్లే లేవు. కుర్చీ చేతిని పట్టుకుని భరించేది. కళ్లవెంట నీళ్లు కారుతుంటే బావ దూదితో తుడుస్తూ, "అయిపోయింది, అయిపోయింది" అనేవాడు. ఒక్కోసారి అచ్చు సరిగా రాలేదని మళ్లీ తీసేవాడు.

నాలుగో ప్లేటు చేయడానికి ఏడు వారాలు పట్టింది. అది ఎంత తేలికంటే, బుడిపె లోపలంతా డొల్ల, పైన గుడ్డు పెంకంత మందం. అప్పటిదాకా మా ఊళ్లో అలాంటిది ఎవరూ చేయలేదట. సర్జన్ దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు, వెలుతురుకి ఎత్తి చూశాడు. తర్వాత తన దగ్గరికొచ్చే ఇలాంటి రోగులందర్నీ బావ దగ్గరికే పంపడం మొదలుపెట్టాడు. పెద్ద ఊళ్లో సర్జన్ల సమావేశం ఉంది, మీరు వచ్చి చూపించాలన్నాడు. బావ ముందు రానన్నాడు. అక్కే ఊరుకోలేదు.

"నా నోరు అంతమంది పెద్ద డాక్టర్ల ముందు పెడతారంటే వద్దంటారేంటి? మా దుకాణంలో చెప్పుకోవద్దూ నేను?" అంది.

రెండు రోజులు వెళ్లొచ్చాడు. అంత పెద్ద హాల్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టారని తోడు వెళ్లిన సర్జన్ చెప్పాడు. బావ దాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. వచ్చీ రాగానే అక్క ముందు స్టూలు లాక్కుని కూర్చుని, "ప అను" అన్నాడు. అంది. "స అను." అంది. ఆయన చెవి దగ్గరికి పెట్టి విని, "స లో గాలి పోతోంది" అన్నాడు.

అప్పటికే రోగం ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందని మాకు తెలుసు. అక్కకీ తెలుసు. సర్జన్ బావని పక్కకి పిలిచి, ఇక ఇంట్లోనే ఉంచుకోండి, ఆమెకి ఇష్టమైనట్టు చెయ్యండి అని చెప్పాడు. బావ తలూపాడు. ఇంటికి వచ్చి అక్క నోటి అచ్చు ఇంకొకటి తీసుకుని ల్యాబుకి వెళ్లిపోయాడు. ఐదోది మొదలుపెట్టాడు.

ఆ నెలన్నర రోజులూ నేను బడి నుంచి తిన్నగా అక్క దగ్గరికే వెళ్లేదాన్ని. కిటికీ పక్కన మంచం వేశాం. నాలుగో ప్లేటు నోట్లో పెట్టుకుని ఓపికున్నంతసేపు మాట్లాడేది. నాకు లోపల మంటగా ఉండేది. ఒకరోజు ఆపుకోలేక, "బావ ఇంట్లో ఒక్క పూట కూర్చుంటే ఏం పోతుంది? ఎవరికి కావాలి ఆ ఐదోది?" అన్నాను.

అక్క కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

"ఆయన్ని ఏమీ అనకు" అంది. "పని అయిపోతే వచ్చి కూర్చోవాలి. కూర్చుంటే నా మొహం చూడాలి. చూడలేరు. నా నోట్లోకైతే చూడగలరు. నోట్లోకి చూస్తున్నంతసేపూ చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది కదా. చెయ్యనీ."

నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, రెండున్నర ప్రాంతంలో, అక్క తమ దుకాణానికి వచ్చిన ఎవరి సంగతో చెబుతోంది. మధ్యలో ఆయాసం వచ్చి ఆగింది. నీళ్లు పట్టాను. తాగి, కొంచెం పడుకుంటానంది. నేను దుప్పటి సర్ది, కిటికీ తెర వేసి వచ్చేసరికి ఊపిరి తీయడం మారిపోయింది. ల్యాబుకి ఫోన్ చేశాను. ఎత్తిన పనివాడు, "మాస్టారు మెరుగు పెడుతున్నారండీ, మిషను చప్పుడులో వినపడదు, పిలుస్తాను" అన్నాడు. బావ ఫోన్ దగ్గరికి వచ్చేసరికి ఇక్కడ అయిపోయింది. నేను "వచ్చెయ్యి బావా" అని మాత్రమే అన్నాను.

ప్లాస్టర్ పొడి ఏప్రను విప్పకుండానే వచ్చాడు. చేతిలో మూతపెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బా. లోపల నీళ్లలో ఐదో ప్లేటు. మంచం పక్కన నిలబడి అక్కని చూశాడు, నన్ను చూశాడు. డబ్బా మూత తీయబోయాడు. ఏం చేస్తాడో అర్థమై నేను ఆపబోయి, ఆపలేకపోయాను. ఆయన కూర్చుని, ఎన్నో వందలసార్లు చేసినట్టే బొటనవేలితో అక్క పై పెదవి మెల్లగా ఎత్తాడు. నోట్లోని నాలుగో ప్లేటు చుట్టూ చూపుడువేలు తిప్పి చూశాడు. అంచులు, చిగురు, బుడిపె కూర్చున్న చోటు. కిటికీ తెర కొంచెం తీయమన్నాడు. తీశాను.

వెలుతురులో మళ్లీ చూశాడు.

"ఇది బాగానే కూర్చుంది బుజ్జీ" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "ఇది బాగానే ఉంది" అన్నాడు.

పెదవి సర్దాడు. అప్పుడు, ఏడాదిన్నర తర్వాత, అక్క మొహం చూశాడు. వాచిన చెంప, ఆపరేషన్ గీత, లోపలికి పోయిన కన్ను, అన్నీ చూశాడు. సాయంత్రం ఐదింటికి మనుషులు వచ్చేదాకా అక్కడి నుంచి లేవలేదు.

ఇరవై రోజులకి మళ్లీ ల్యాబుకి వెళ్లాడు. ఏం చేస్తాడు, ఆయనకి వేరే ఏదీ రాదు. పైగా అంగిలి పోయినవాళ్లు మెట్ల మీద ఎదురుచూస్తున్నారు. పెద్దాస్పత్రివాళ్లు ఆయన కోసం ఒక గది కేటాయించారు. వేరే ఊళ్ల నుంచి డాక్టర్లే వచ్చి ఆయన పక్కన స్టూలేసుకుని పని నేర్చుకునేవారు. పదకొండేళ్లలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు నలభై మంది పైనే. మా అక్క గురించి ఆయన వాళ్లెవరికీ చెప్పలేదు. చేతి పనిలో నాణ్యం ఇసుమంత తగ్గలేదు. ఒక్కటి మాత్రం మారింది. ప్లేటు పెట్టుకున్న మనిషి నాలుగు మాటలు మాట్లాడి, గ్లాసెడు నీళ్లు తాగగలిగితే చాలు, పక్కనున్న మొగుడితోనో పెళ్లాంతోనో, "ఇక తీసుకెళ్లండి. మూడు నెలలదాకా నాకు కనపడకండి. ఈలోగా మాట్లాడుకోండి" అనేవాడు. వాళ్లు చిన్న లోపమేదో చెప్పబోతే, "అదంతా తర్వాత చూసుకుందాం, వెళ్లండి" అని కసిరినట్టు పంపేసేవాడు. కొత్తగా చేరినవాళ్లు ఈయన్ని ఇంకోసారి మాస్టారు అని ఎందుకంటారో తెలియక బుర్ర గోక్కునేవారు.

అక్క పోయిన ఏడాదికి, ఒక ఆదివారం బావ మా ఇంటికొచ్చాడు. భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. వెళ్లిపోతాడేమో అనుకున్నాను.

"బుజ్జీ, ఆ మధ్యాహ్నాలు మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవారు?" అని అడిగాడు.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. దుకాణానికి చొక్కా గుడ్డ తిరిగివ్వడానికి వచ్చిన ఒకాయన సంగతి చెప్పాను. గోడ రంగులో ఉందని వాళ్లావిడ తిట్టిందట. అక్క ఆయన్ని ఎండలోకి తీసుకెళ్లి, గుడ్డ భుజం మీద వేసి, "ఇప్పుడు చెప్పండి, ఏ గోడ?" అందట. ఆయన ఇంకో రెండు గజాలు కొనుక్కుని పోయాడట. బావ నవ్వాడు. తర్వాత, "ఆ ఏ గోడ అన్నప్పుడు గ పలికిందా సరిగ్గా?" అని అడిగాడు. పలికిందన్నాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఒక్కో వారం ఒక్కో ముక్క చెప్పేదాన్ని. రెండేళ్లకి నా దగ్గరున్నవి అయిపోయాయి. చెప్పినవే మళ్లీ చెప్పేదాన్ని, ఆయన కొత్తగా విన్నట్టే వినేవాడు. ఒకసారి మాత్రం పాతవి చెప్పలేక ఒకటి కల్పించి చెప్పాను. బావ తల అడ్డంగా ఊపి, "అది మీ అక్క అనదు" అన్నాడు. కోపంగా కాదు. పన్ను ఒకటి తప్పు చోట పెట్టావని చెప్పినట్టు. మళ్లీ కల్పించలేదు.

ఇప్పుడు బావకి డెబ్బై దాటాయి. పని మానేశాడు. చెయ్యి వణుకుతుందని తనే మానేశాడు, ఎవరూ చెప్పకముందే. పోయిన ఆదివారం కుర్చీలో వెనక్కి వాలి, ఎప్పుడూ అడగనిది అడిగాడు.

"నా గురించి ఏమన్నా అనేదా?"

ఇన్నేళ్లూ నేను చెప్పకుండా దాచుకున్నది అదొక్కటే. దాటేద్దామా అనుకున్నాను. కానీ ఆయన ముందు కల్పించడం నా వల్ల కాదు. అక్క ఆ రోజు కిటికీలోంచి చూస్తూ అన్నదంతా, మాట కూడా మార్చకుండా చెప్పాను. నా మొహం చూడలేరు అన్నది కూడా.

బావ నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. "తెలిసే పంపేదన్నమాట నన్ను, ల్యాబుకి" అన్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదిలేలా ఏడ్చాడు. లేచి వెళ్లి పక్కన కూర్చున్నాను.

కళ్లు తుడుచుకున్నాక నావైపు తిరిగాడు.

"తర్వాత? ఇంకేమంది?" అని అడిగాడు.